గోల్ ముందు నిలబడతానంటున్న పిల్లలకు ఏ ఆట? ఐస్ హాకీ, ఫీల్డ్ హాకీ, స్కేటింగ్ హాకీ, ఫుట్‌బాల్: ఒక పోలిక

"సార్, మావోడు ఫోన్లో ఐస్ హాకీ చూసి చూసి గోలీ అవుతానంటా ఉండాడు. యాడ చేర్పించేది?"

నలభై డిగ్రీల ఎండలో తిరుపతి మైదానం గట్టు మీద నిలబడి మంచు ఆట గురించి అడిగితే ఎవరికైనా నవ్వొస్తుంది. అడిగినవాళ్లు మాత్రం నవ్వులాటకు అడగరు. పిల్లవాడు రోజూ ముసుగేసుకున్న గోలీల (ఐస్ హాకీలో గోల్‌కీపర్‌ను అలా అంటారు) వీడియోలు చూస్తుంటాడు. ఇంట్లో సోఫా ముందు మోకాళ్ల మీద పడి టెన్నిస్ బంతులు ఆపుతుంటాడు. వాణ్ని ఏం చేయాలో తెలియక అడుగుతారు.

ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. వాడికి నచ్చింది మంచు మీద జారడమా, గోల్ ముందు నిలబడే పనా? జారడమే నచ్చితే వాడు ఫార్వర్డ్ అవుతాడో, స్కేటింగ్ రేసుల్లోకి వెళ్తాడో, ఆ దారి వేరు. మిగతా పిల్లలంతా గోల్ కొట్టడానికి ఎగబడుతుంటే తను ఆపడానికి వెనక నిలబడతానంటే మాత్రం వాడిది గోల్‌కీపర్ బుద్ధి. అలాంటివాడు మంచు దొరకలేదని ఆగిపోనక్కర్లేదు. ఆ పనినే ఇంకో మూడు ఆటల్లో చేయవచ్చు, ఆ మూడూ మన ఊళ్లోనే మొదలుపెట్టవచ్చు.

దేన్ని బట్టి ఎంచుకోవాలి

చూడాల్సినవి ఆరు: నేర్చుకునే చోటు, నేర్పే మనిషి, జట్టులో ఖాళీలు, కిట్ ఖర్చు, శరీరానికి పడే భారం, ఆట ఆగిపోయాక మిగిలేది. వీటిలో మొదటి రెండు కుదరకపోతే మిగతా నాలుగు చూసి లాభం లేదు. అందులోనూ రెండోదాన్ని తల్లిదండ్రులు బొత్తిగా పట్టించుకోరు. హాకీ కోచ్ ఉన్నాడంటే గోల్‌కీపింగ్ కూడా నేర్పుతాడనుకుంటారు. చాలాచోట్ల జరిగేది వేరు. జట్టంతా డ్రిల్స్ చేస్తుంటే కీపర్‌ను గోల్‌లో నిలబెట్టి అందరూ బంతులు బాదుతారు. దాంతో ఫార్వర్డ్‌లకు ప్రాక్టీస్ అవుతుంది, కీపర్‌కు దెబ్బలే మిగులుతాయి.

| | ఐస్ హాకీ | ఫీల్డ్ హాకీ | రోలర్, ఇన్‌లైన్ హాకీ | ఫుట్‌బాల్ |
|---|---|---|---|---|
| గోల్ (వెడల్పు × ఎత్తు) | 1.83 × 1.22 మీ. | 3.66 × 2.14 మీ. | రోలర్‌లో 1.70 × 1.05 మీ. | 7.32 × 2.44 మీ. |
| ఆపాల్సింది | రబ్బరు పక్ (చదునైన గుండ్రటి బిళ్ల), 156–170 గ్రా. | గట్టి బంతి, 156–163 గ్రా. | రోలర్‌లో బంతి, ఇన్‌లైన్‌లో పక్ | 410–450 గ్రా. బంతి |
| తిరుపతి, చిత్తూరులో మొదలుపెట్టడం | కుదరదు | కుదురుతుంది | స్కేటింగ్ వరకు కుదురుతుంది | చాలా తేలిక |
| కిట్ | పూర్తి సెట్ లక్షల్లో | వేలల్లో మొదలు, విదేశీదైతే లక్ష దాటుతుంది | ఈ రెండింటికీ మధ్య | గ్లవ్స్, షూ చాలు |
| మన దగ్గర ఉద్యోగానికి దారి | చాలా సన్నం | ఉంది | తక్కువ | ఉంది, పోటీ విపరీతం |

గోల్ కొలతలను మరోసారి చూడండి. ఫుట్‌బాల్ గోల్ వైశాల్యం ఐస్ హాకీ గోల్‌కు ఎనిమిదింతలు. ఫీల్డ్ హాకీ గోల్ మూడున్నర ఇంతలు. అందుకే ఫుట్‌బాల్‌లో ఎత్తు, దూకుడు కావాలి. ఐస్ హాకీలో ముందే సరైన చోట నిలబడి ఖాళీ కనిపించకుండా మూసేయడమే అసలు పని. ఫీల్డ్ హాకీలో రెండూ కొంచెం కొంచెం కావాలి.

ఐస్ హాకీ: ఆకర్షణ ఎంతో, ఇరుకూ అంతే

ఉత్తర అమెరికాలోని ఎన్‌హెచ్‌ఎల్ (నేషనల్ హాకీ లీగ్) ఈ ఆటకు శిఖరం. అందులో 32 జట్లు, జట్టుకు మామూలుగా ఇద్దరు గోలీలు. అంటే ప్రపంచం మొత్తానికి 64 కుర్చీలు, అందులోనూ సగం మంది చాలా రాత్రులు బెంచీ మీదే కూర్చుంటారు. ఫార్వర్డ్‌కు ఒక లైన్‌లో (కలిసి దిగే ఆటగాళ్ల గుంపులో) చోటు దొరక్కపోతే ఇంకో లైన్‌లో ఆడిస్తారు. గోలీకి ఆ వెసులుబాటు లేదు. ముందున్నవాడు గాయపడాలి, లేదా తడబడాలి. దిగువన ఏహెచ్‌ఎల్, ఇంకా కింద ఈసీహెచ్‌ఎల్ లీగ్‌లు ఉన్నాయి. చాలామంది గోలీల ఇరవైల వయసు అక్కడి బస్సు ప్రయాణాల్లోనే గడిచిపోతుంది.

పైకి చేరినవాడికి డబ్బుకు కొదవ లేదు. 2025–26లో ఎన్‌హెచ్‌ఎల్ కనీస జీతం ఏడాదికి 7,75,000 డాలర్లు. న్యూయార్క్ రేంజర్స్ గోలీ ఇగోర్ షెస్టెర్కిన్ 2024 డిసెంబరులో చేసుకున్న ఎనిమిదేళ్ల ఒప్పందం విలువ 9.2 కోట్ల డాలర్లు. పిల్లల ఫోన్లలోకి వచ్చేవి ఈ అంకెలే.

2000 సంవత్సరం డ్రాఫ్ట్ (జట్లు కుర్ర ఆటగాళ్లను వరుసగా ఎంచుకునే కార్యక్రమం) సంగతి మాత్రం ఆ వీడియోల్లో రాదు. ఆ ఏడు మొట్టమొదట ఎంపికైన ఆటగాడు రిక్ డిపియెట్రో అనే గోలీ. 2006లో అతనికి 15 ఏళ్లకు 6.75 కోట్ల డాలర్ల ఒప్పందం ఇచ్చారు. ఆ తర్వాత గాయం మీద గాయం. 2013లో జట్టే డబ్బు కట్టి ఆ ఒప్పందాన్ని తెంచుకుంది. అదే డ్రాఫ్ట్‌లో 205వ పేరు స్వీడన్ కుర్రాడు హెన్రిక్ లుండ్‌క్విస్ట్. అతను 2006 ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచాడు, ఎన్‌హెచ్‌ఎల్‌లో 459 మ్యాచ్‌లు గెలిపించాడు. చివరికి గుండె సమస్యతో ఆట వదిలేశాడు. టిమ్ థామస్ అయితే 1994లో 217వ స్థానంలో ఎంపికై, 28 ఏళ్లకు గానీ ఎన్‌హెచ్‌ఎల్‌లో మొదటి మ్యాచ్ ఆడలేదు. 37 ఏళ్ల వయసులో 2011 స్టాన్లీ కప్ (ఎన్‌హెచ్‌ఎల్ విజేతకిచ్చే కప్పు) గెలిచాడు. పద్దెనిమిదేళ్ల గోలీని చూసి వాడు ఎంతవాడవుతాడో చెప్పడం అక్కడి నిపుణులకే సాధ్యం కాలేదు. పదేళ్ల పిల్లవాడి గురించి జోస్యం చెప్పి ఫీజు వసూలు చేసే అకాడమీ ఎక్కడ కనబడినా చెప్పులేసుకుని వచ్చేయండి.

ఆటలో ఉత్కంఠ ఎంతుంటుందో ఒక లెక్క చూద్దాం. మ్యాచ్‌కు సుమారు 30 షాట్లు, సీజన్‌లో 60 మ్యాచ్‌లు అనుకుంటే 1,800 షాట్లు. నూటికి 91 ఆపేవాడికీ 89 ఆపేవాడికీ మధ్య ఆ సీజన్‌లో తేడా 36 గోల్స్. మొదటివాడికి ఉద్యోగం ఉంటుంది, రెండోవాణ్ని కింది లీగ్‌కు పంపుతారు. మన పిల్లలు పరీక్షల్లో 89కీ 91కీ ఏడవరు, ఇక్కడ ఆ రెండు మార్కుల మీదే బతుకు.

శరీరం సంగతి ఇంకా ముఖ్యం. ఈనాటి గోలీలంతా ఆడే పద్ధతి బటర్‌ఫ్లై. పాట్రిక్ రాయ్ అనే గోలీ దాన్ని జనంలోకి తెచ్చాడు. రెండు మోకాళ్లూ దగ్గరగా మంచు మీద పడేసి, పాదాలను చెరో పక్కకు చాపుతారు. కాలి ప్యాడ్ల ముందుభాగాలు గోడలా షాట్‌కు ఎదురుగా తిరుగుతాయి. పడిన మరుక్షణం ఒక స్కేట్ అంచును మంచులో గుచ్చి, నెట్టుకుని పక్కకు జారాలి. ఆపిన పక్ తిరిగి ముందుకు పడితే (రీబౌండ్) మళ్లీ లేవాలి. ఒక్క ప్రాక్టీస్‌లోనే ఇలా ఎన్నో పదుల సార్లు. దీనివల్ల తుంటి కీలు లోపలికి మెలితిరిగి ఎముక ఎముకకు ఒరుసుకుంటుంది. గోలీలకు తుంటి ఆపరేషన్లు అంత మామూలు కావడానికి కారణం అదే. ముఖానికి దెబ్బ తగులుతుందనే భయం మాత్రం ఇప్పుడు అక్కర్లేదు. 1959 నవంబరు 1న ఎన్‌హెచ్‌ఎల్ గోలీ జాక్ ప్లాంట్ ముఖం పగిలి, ముసుగుతో తిరిగి ఆటలోకి వచ్చిన నాటి నుంచి ఆ భాగం మెరుగవుతూ వచ్చింది.

ఇక మన దేశం. ఐస్ హాకీ అంతర్జాతీయ సమాఖ్యలో భారత్ 1989 నుంచే సభ్యదేశం. పురుషుల జట్టు మొదటి అంతర్జాతీయ టోర్నీ 2009లో, మహిళల జట్టుది 2016లో. 2025లో మన అమ్మాయిలు యూఏఈలోని అల్ ఐన్‌లో ఆసియా కప్ కాంస్యం గెలిచారు. జట్లలో అత్యధికులు లద్దాఖ్ వాళ్లే. కారణం సులువు: సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉన్న లేహ్‌లో చలికాలం చెరువులు గడ్డకడతాయి, పిల్లలు వాటి మీదే పెరుగుతారు. ఆర్మీకి, ఐటీబీపీకి జట్లున్నాయి. ఏడాది పొడవునా జీతమిచ్చే లీగ్ మాత్రం లేదు. కేంద్ర ఉద్యోగాల క్రీడా కోటా జాబితాలో ఐస్ హాకీ పేరుంది నిజమే, కానీ దానికి జాతీయ స్థాయి సర్టిఫికెట్ కావాలి, సర్టిఫికెట్‌కు మంచు కావాలి. తిరుపతి నుంచి సంపర్క్ క్రాంతి ఎక్కి ఢిల్లీ చేరి, అక్కణ్నుంచి విమానంలో లేహ్ వెళ్లి, ఆ ఎత్తుకు ఊపిరి అలవాటు పడేలోగా సెలవులు అయిపోతాయి.

ఫీల్డ్ హాకీ: మన దారి

ఇక్కడ నేను తటస్థంగా ఉండను. తిరుపతి, చిత్తూరు పిల్లలకు మొదటి సలహా ఇదే. ఎందుకంటే దారి ఉందని మనవాళ్లే చూపించారు. భారత మహిళల జట్టు గోల్‌కీపర్ ఎతిమరపు రజని మన ఉమ్మడి చిత్తూరు జిల్లా ఎర్రావారిపాళెం మండలం అమ్మాయి. తలకోన జలపాతం ఉన్న మండలమది. టర్ఫ్ (కృత్రిమ గడ్డి మైదానం) సంగతి దేవుడెరుగు, ఊరికి బస్సు దొరికితే చాలనుకునే ప్రాంతం. 2024 జనవరిలో మస్కట్‌లో జరిగిన హాకీ ఫైవ్స్ (జట్టుకు ఐదుగురేసి ఆడే హాకీ) మహిళల ప్రపంచ కప్‌లో భారత జట్టుకు కెప్టెన్ ఆమే. జట్టు రజతం తెచ్చింది.

రజని కథలోనే ఈ స్థానంలోని చేదూ ఉంది. ఒలింపిక్స్ హాకీకి ప్రధాన జట్టులో 16 మంది. ఒక ఆటగాడు తగ్గకుండా చూసుకోవడానికి చాలా జట్లు ఒక్క కీపర్‌నే తీసుకెళ్తాయి. టోక్యోలో ఆ ఒక్క చోటు సవితా పునియాది, రజని రిజర్వ్. పురుషుల జట్టులో శ్రీజేష్ ఉన్నన్నాళ్లూ కృష్ణ బహదూర్ పాఠక్‌కూ అదే పరిస్థితి. దేశంలో రెండో అత్యుత్తమ కీపర్ అయినా పెద్ద వేదిక మీద గోల్ ముందు నిలబడే రోజు రాకపోవచ్చు. ఐస్ హాకీలో 64 కుర్చీలంటే తక్కువ అనుకున్నాం గానీ, ఇక్కడ జాతీయ జట్టు కుర్చీలు వేళ్ల మీద లెక్కపెట్టేవే.

తేడా అంతా మధ్యలో ఉన్న మెట్లలో ఉంది. పాఠశాల క్రీడల సమాఖ్య పోటీలు, జిల్లా జట్టు, రాష్ట్ర జట్టు, విశ్వవిద్యాలయం, ఆపైన రైల్వేలు, పోలీసు, సర్వీసెస్ జట్లు. ఏ మెట్టు దగ్గర ఆగినా చేతికి ఒక సర్టిఫికెట్ వస్తుంది, కాలేజీ సీటుకో ఉద్యోగానికో పనికొస్తుంది. హాకీ ఇండియా లీగ్ తిరిగి మొదలయ్యాక హైదరాబాద్ తూఫాన్స్ లాంటి జట్లతో కాస్త డబ్బూ కనబడుతోంది. పి.ఆర్. శ్రీజేష్ 336 అంతర్జాతీయ మ్యాచ్‌లు, టోక్యో, పారిస్ కాంస్యాలు, పద్మభూషణ్ దాకా వెళ్లింది ఈ మెట్లెక్కే. ఆయన మొదటి కిట్ కోసం తండ్రి ఆవును అమ్మాడు.

కిట్ మాట వచ్చింది కాబట్టి దగ్గరగా చూద్దాం. బూటు మీద తొడిగే కిక్కర్లు, మందపాటి ఫోమ్ కాలి గార్డులు, పొత్తికడుపు గార్డు, ఛాతీ గార్డు, గొంతు గార్డు, హెల్మెట్, ఎడమ చేతికి పలక లాంటి గార్డు, కుడి చేతికి స్టిక్ పట్టుకునే గార్డు. జలంధర్‌లో తయారయ్యేవి వేలల్లో వస్తాయి. ఏప్రిల్ మధ్యాహ్నం పన్నెండేళ్లవాడికి ఇవన్నీ తొడిగి పది నిమిషాలు నిలబెట్టండి. హెల్మెట్ తీసేసరికి జుట్టు నుంచి నీళ్లు కారుతుంటాయి, అప్పుడు కూడా "ఇంకో పది కొట్టండన్నా" అంటే వాణ్ని ఆపకండి.

మన మైదానాలు ఎక్కువగా మట్టివి కావడం ఒక లోటు. మట్టి మీద బంతి ఎగుడుదిగుడుగా లేస్తుంది, పెద్ద పోటీల్లో తడి టర్ఫ్ మీద నేలను పట్టుకుని దూసుకొస్తుంది. కాళ్లు వేసే సమయమే మారిపోతుంది. కాబట్టి పద్నాలుగేళ్లు వచ్చేలోపు వేసవి శిబిరాలకైనా టర్ఫ్ ఉన్న చోటికి పంపాలి. అనంతపురంలోని ఆర్డీటీ స్పోర్ట్స్ విలేజ్ రాయలసీమ హాకీ పిల్లలకు తెలిసిన గడపే. కడప క్రీడా పాఠశాల గురించి అడుగుతుంటారు. ఏయే ఆటలకు ఎంపికలు పెడుతున్నారో ఆ ఏటి ప్రకటన చూసుకునే వెళ్లండి.

ఒక తేడా గుర్తుంచుకోవాలి. ఫీల్డ్ హాకీలో కీపర్ బంతిని పట్టి ఉంచుకోకూడదు, ఒళ్లు కప్పి పడుకోకూడదు, కాలితోనో చేతితోనో ప్రమాదం లేని వైపు నెట్టేయాలి. ఐస్ హాకీలో పక్‌ను గ్లవ్‌లో బిగిస్తే ఆట ఆగుతుంది, గోలీకి అదే ఊపిరి తీసుకునే సందు. వీధి క్రికెట్‌లో స్లిప్ క్యాచ్‌లు బాగా పట్టే పిల్లలు ఫీల్డ్ హాకీలో మొదట్లో ఇబ్బంది పడేది ఇందుకే. పట్టుకోవాలని చేయి మూసుకుంటుంది. దాన్ని మాన్పించడానికి కొన్ని నెలలు పడుతుంది.

స్కేటింగ్ హాకీ

నాలుగు చక్రాల స్కేట్లతో బంతి ఆట రోలర్ హాకీ. వరుస చక్రాలతో పక్ ఆట ఇన్‌లైన్ హాకీ. రోలర్ హాకీని 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో ప్రదర్శన క్రీడగా ఆడించారు, అక్కడితో సరి. దీన్నే వృత్తిగా నమ్ముకోమని చెప్పను. మన రాష్ట్రంలో స్కేటింగ్ వేళ్లూనింది విశాఖపట్నంలో, తిరుపతి నుంచి ప్రతి పోటీకీ రాత్రి రైలు ఎక్కాల్సిందే.

అయినా దీన్ని జాబితాలోంచి తీసేయలేను. ఏనాటికైనా ఐస్ మీదకు వెళ్లాలనే పిల్లవాడికి ఇది వంతెన. గోలీకి జట్టులో అందరికంటే బాగా స్కేటింగ్ రావాలి, వాడు కదిలేది అడుగు రెండడుగులే అయినా ప్రతిదీ అంచుల మీద ఆగి తిరగడమే. చక్రాల మీద మంచు మీద జారినట్టు పక్కకు జారడం కుదరదు, ఆ ముక్క మళ్లీ నేర్చుకోవాలి. తూకం, మోకాలి వంపు, తల కదలకుండా పక్‌ను చూడడం అలాగే వెంట వస్తాయి.

ఫుట్‌బాల్

ఖర్చు అన్నింటికంటే తక్కువ, మైదానం ప్రతి వీధి చివరా ఉంది. పిల్లవాడు పొడుగ్గా పెరిగే సూచనలుంటే ఆలోచించండి. భారత కీపర్ గుర్‌ప్రీత్ సింగ్ సంధు నార్వేలో స్టాబెక్ క్లబ్‌కు ఆడాడంటే అతని నిలువెత్తు రూపం కూడా ఒక కారణం. తండ్రి అయిదున్నర అడుగులు, మేనమామ అంతకంటే తక్కువ అయితే హాకీ వైపు చూడటం మంచిది.

ఎవరికి ఏది

ఎనిమిది నుంచి పదకొండేళ్ల పిల్లలు, తిరుపతి టౌన్‌లో ఉంటారు, ఖర్చుకు మరీ ఇబ్బంది లేదు: పొద్దున స్కేటింగ్, సాయంత్రం హాకీ. ఇప్పుడే పూర్తి కిట్ కొనొద్దు. పన్నెండో ఏట వాడు దేనికి అలారం లేకుండా లేస్తున్నాడో చూసి ఒకటి వదిలేయండి.

పల్లెలో జిల్లా పరిషత్ స్కూల్లో చదివే పన్నెండు పదిహేనేళ్లవాళ్లు, ఇంట్లో ఉద్యోగం కావాలనే ఆశ ఉంది: ఫీల్డ్ హాకీ, మరో మాట లేదు. డ్రిల్ మాస్టరు గారికి కీపింగ్ రాకపోయినా మొదలుపెట్టడానికి ఫర్వాలేదు, రాష్ట్ర ఎంపికల తేదీలు తెలిసినవాడైతే చాలు. చదువు మాత్రం ఆపకండి. క్రీడా కోటాలో కూడా పదో తరగతి, ఇంటర్ అడుగుతారు.

అమెరికాలోనో కెనడాలోనో ఉన్న కొడుకో కూతురో ఫోన్ చేసి "అమ్మా, నీ మనవడు గోలీ అవుతానంటున్నాడు" అన్నారా? ఇది పూర్తిగా వేరే లెక్క. మనవాళ్లు ఎక్కువగా ఉన్న డాలస్‌లో, న్యూజెర్సీలో ఎన్‌హెచ్‌ఎల్ జట్లున్నాయి, చుట్టుపక్కల రింకులు (మంచు ఆటస్థలాలు) ఉన్నాయి. అక్కడైతే ఐస్ హాకీయే. ముందు స్కేటింగ్ పాఠాలు, తర్వాతే గోల్. ఎనిమిదేళ్లలోపు పిల్లల్ని ఒకే స్థానంలో బిగించకుండా మార్చి మార్చి నిలబెట్టే క్లబ్ మంచిది. చిన్నపిల్లలకు గోలీ కిట్ అరువిచ్చే క్లబ్బులు చాలానే ఉంటాయి, కొనేముందు అడగమనండి. ఎన్‌హెచ్‌ఎల్ మాట పక్కన పెడితే కాలేజీ హాకీ దాకా చేరడం కూడా గొప్పే. ఇక్కడి అమ్మమ్మలు తాతయ్యలు దెబ్బల గురించి భయపెట్టే బదులు, వాడికి నడుము, తుంటి సాగదీసే కసరత్తు రోజూ చేయిస్తున్నారా అని అడిగితే ఉపయోగం.

చివరగా పద్దెనిమిది దాటిన ఇంజినీరింగ్ పిల్లలు. వృత్తి అయ్యే వయసు దాటిపోయింది, ఆ మాట దాచడం ఎందుకు. ఆడే అవకాశం మాత్రం దాటలేదు. ఎంఎస్‌కు వెళ్తే అక్కడి పెద్దవాళ్ల సరదా లీగ్‌లలో గోలీలు దొరక్క అల్లాడుతుంటారు, చాలాచోట్ల గోలీ దగ్గర డబ్బులు కూడా తీసుకోరు. 2020 ఫిబ్రవరి 22న టొరంటోలో కరోలినా జట్టు గోలీలిద్దరూ గాయపడితే, రింక్‌లో పనిచేసే 42 ఏళ్ల డేవిడ్ ఎయర్స్ దిగి ఎనిమిది షాట్లు ఆపి మ్యాచ్ గెలిపించాడు. అంతకుముందు మూత్రపిండం మార్పిడి చేయించుకున్న మనిషి. ఎన్‌హెచ్‌ఎల్‌లో జరిగిన సంగతే ఇది, కట్టుకథ కాదు. ఇక్కడుండగా చేయగలిగింది ఇన్‌లైన్ స్కేట్లు కొనుక్కుని అంచుల మీద ఆగడం నేర్చుకోవడం.

డబ్బు కట్టేముందు

ఏ ఆటైనా ఎంచుకోండి, చేర్పించే ముందు ఒక సాయంత్రం వెళ్లి గట్టు మీద కూర్చోండి. కీపర్‌కు విడిగా ఎవరైనా ఏమైనా చెబుతున్నారా, వాడి వైపు ఒకేసారి ఎన్ని బంతులు వస్తున్నాయి, గోల్ పడ్డాక కోచ్ ఏమంటున్నాడు, ఈ మూడూ చూడండి. కాలి గార్డులు, కిక్కర్లు పాతవి కొన్నా నష్టం లేదు, ఫోమ్ గట్టిపడి పగుళ్లు రాకపోతే చాలు. హెల్మెట్, గొంతు గార్డు, పొత్తికడుపు గార్డు మాత్రం కొత్తవే కొనండి. పిల్లవాడు పెరుగుతాడు కదా అని హెల్మెట్ ఒక సైజు పెద్దది తీసుకోకండి. తల తిప్పినప్పుడు హెల్మెట్ వెనకబడితే, కళ్ల ముందు గ్రిల్ కడ్డీ అడ్డం వచ్చే ఆ క్షణంలోనే బంతి వస్తుంది.